సురభి డేరా : నాడు మన హాజరు, నేడు మన గైర్హాజరు

మేము ఉర్దూ మీడియం బడిలో పంతులుగా పనిచేస్తున్నాము. పొద్దున్నే మా మొదటి పని హాజరు పట్టీ తీయడం. ఒక్కొక్క పేరే పిలుస్తాము, పిల్లలు "హాజిర్ జనాబ్" అంటారు. ఏ పిల్లవాడైనా వరుసగా మూడు రోజులు పలకలేదంటే ఊరుకోము. పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి, "ఏమైందిరా వాడికి? జ్వరమా? ఊరికి పోయినారా?" అని కనుక్కుంటాము. అయితే మన మొహల్లా మొత్తం ఒక చోటికి పోవడం మానేసి ముప్పై ఏండ్లు దాటింది. ఎందుకు పోవడం లేదని ఎవ్వరూ ఎవ్వరినీ అడిగింది లేదు. ఆ చోటు సురభి నాటకాల డేరా.

సంఘం పెద్దలు ఈ సంచికకు చరిత్ర గూర్చి ఒక వ్యాసం వ్రాయమని కోరినారు. ఇటువంటి సంచికల్లో కోటలు, నవాబులు, పాత మసీదుల చరిత్ర వ్రాయడం వాడుక. ఈసారి మేము నాటకశాల చరిత్ర ఎత్తుకున్నాము. "ఉర్దూ పంతులుకు తెలుగు నాటకంతో ఏం పనయ్యా?" అని కొందరు అనవచ్చును. చివరిదాకా చదివితే జవాబు దొరుకుతుంది.

ముందుగా పుట్టుక సంగతి. సురభి అనేది మన కడప జిల్లాలోని ఒక పల్లె పేరు. 1885లో ఆ పల్లెలో, తోలుబొమ్మలు ఆడించే ఒక కుటుంబంవారు ఊరి పెద్దల కోరిక మీద బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి "కీచక వధ" ఆడినారు. ఆ సమాజానికి మూలపురుషులు వనారస గోవిందరావుగారు. ఆడిన పల్లె పేరే ఇంటి పేరు మాదిరి వాళ్ళకు అంటుకుని పోయింది. వీళ్ళ పూర్వీకులు మహారాష్ట్రం వైపునుంచి వచ్చినవారు. ఇంట్లో మాట్లాడేది ఆరె మరాఠీ, వేదిక మీద పాడేది తెలుగు పద్యం. ఈ మాట మన వాళ్ళు జ్ఞాపకం పెట్టుకోవలెను. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష ఉండడం మన ఒక్కరికే జరిగిన విశేషం కాదు. రెండింటినీ తల్లీ పిన్నమ్మల మాదిరి చూసుకుని బ్రతికిన వాళ్ళు మన జిల్లాలోనే మరికొందరు ఉన్నారు.

ఆ కాలంలో తెలుగు నాటకం ఇంకా పసిబిడ్డ. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత నాటకం ఆడించినారు. ఇంచుమించు అప్పుడే ధార్వాడ కంపెనీవారు కోస్తా ఊళ్ళలో తిరుగుతూ హిందుస్తానీ నాటకాలు ఆడినారు. బొంబాయిలో పార్సీ కంపెనీలు అప్పటికే పేరు తెచ్చుకుని ఉన్నవి. ఆ పార్సీ కంపెనీలు ఎక్కువగా ఆడింది మన ఉర్దూలోనే. లక్నోలో అమానత్ సాహెబు 1853 ప్రాంతంలో వ్రాసిన "ఇందర్ సభ" దేశమంతా తిరిగింది. రంగులు వేసిన తెరలు, దర్బారు సెట్టింగులు, గాలిలో ఎగిరే పరీలు, ఈ హంగులన్నీ ఆ కంపెనీల వెంట దక్షిణానికి వచ్చినవే.

ఇంకొక విశేషం కలదు. 1880లలో మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవిగారు హిందుస్తానీలో 32 నాటకాలు వ్రాసినారు. వ్రాసింది తెలుగు లిపిలో. ఆడిందీ చూసిందీ తెలుగువాళ్ళే. ఒక తెలుగు కవి మన భాషలో 32 నాటకాలు వ్రాస్తే బందరు జనం కూర్చుని చూసినారంటే, ఆ కాలపు నాటకశాల ఎట్లాంటిదో ఊహించుకోవచ్చును. మాటలను చూసినా తెలుస్తుంది. దర్బారు, తమాషా, పరదా, హుషారు అనేవి మనం ఇచ్చినవి. మేజువాణి అంటే మన "మేజ్బానీ"యే. మరాఠీ నాటకాలవాళ్ళు రిహార్సలును ఈనాటికీ "తాలీమ్" అంటారు. మేము బడిలో చెప్పేదీ తాలీమే. అందుచేత ఉర్దూ పంతులుకు నాటకంతో పని ఉన్నదనే మా మనవి.

మన రాయలసీమలో నాటకానికి పెద్ద దిక్కు బళ్ళారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి "చిత్రనళీయం" 1887 నాటిది. కోలాచలం శ్రీనివాసరావుగారు, నటుడు బళ్ళారి రాఘవగారు ఆ ఊరివారే. అయితే వారిలో చాలామంది వకీళ్ళు, చదువుకున్నవారు. పగలు కచేరి, రాత్రి నాటకం. సురభివారికి మాత్రం నాటకమే బువ్వ. ఆడవేషాలు మగవారు కట్టే రోజుల్లోనే సురభిలో ఆడవాళ్ళే ఆడవేషం కట్టినారు. పసిబిడ్డ కృష్ణుడి వేషంతో మొదలుపెట్టి, పెద్దవాడై కంసుడి వేషం కట్టి, ముసలివాడై హార్మోనియం పెట్టె ముందు కూర్చునేవాడు. కూతుళ్ళు, కొడుకులు, అల్లుళ్ళు పెరిగేకొద్దీ ఒక సమాజం పదులకొద్దీ సమాజాలయింది. ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు పోయి డేరా వేసింది.

ఆ డేరా ఎట్లా నడిచేదో నేటి పిల్లలకు తెలియదు గనుక కొంచెం చెప్పవలసి ఉన్నది. పంటలు ఇంటికి చేరినంక, చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలంలో సమాజం ఊరికి వచ్చేది. ఊరి బయట మైదానం బాడుగకు తీసుకుని, గుంజలు నాటి, రేకులు, తడికలు, గుడ్డ కట్టి నాటకశాల లేపేవారు. వెనుక వాళ్ళ కాపురాలు, వంట పొయ్యిలు. పగలంతా బండి మీద మైకు పెట్టి, రంగు కాగితాలు పంచుకుంటూ వీధి వీధి తిరిగేవారు. ముందు నేల, ఆ వెనుక బెంచీ, ఆ వెనుక కుర్చీ. రాత్రి భోజనాలైనంక గంట కొడితే తెర లేచేది. "మాయాబజార్"లో నల్లదారం కట్టిన లడ్లు లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోయేవి. తీగల మీద రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి తాకి నిప్పురవ్వలు రాలేవి. నారదుడు మబ్బుల్లోంచి దిగేవాడు. జనం ఉన్నన్నాళ్ళు డేరా ఉండేది. జనం తగ్గితే నాటకం మార్చేవారు. మార్చినా రాకపోతే గుంజలు పీకి ఇంకొక ఊరు. వాళ్ళకు గ్రాంటు లేదు, చందా లేదు. టిక్కెట్టు కొని నేల మీద కూర్చున్న మనిషే వాళ్ళ సర్కారు.

మా అబ్బా చూసిన డేరా వేరు, మేము చూసిన డేరా వేరు. 1960లలో వీధి వీధంతా కదిలిపోయేదని అబ్బా చెప్పేవారు. పక్కింటి అత్త వచ్చి "ఏమమ్మా బీబీ, పొద్దుపోతా ఉండాది, అన్నం తిన్నారా లేదా? బొంత తీసుకుని రా" అని మా దాదీని కేకవేసేదట. ఆడవాళ్ళకు వేరే వైపు ఉండేది. బురఖాలవాళ్ళు, చీర కొంగు కప్పుకున్నవాళ్ళు ఒకే బొంత మీద పిల్లలను పడుకోబెట్టుకుని చూసేవారు. మన పెద్దలలో కొందరు నాటకాలు చూడకూడదని అనకపోలేదు. అన్నవాళ్ళు ఇంట్లో ఉండినారు, పోయేవాళ్ళు పోయినారు. దాని మీద తగవు పడిన జ్ఞాపకం మాత్రం మాకు లేదు.

అందులో "బ్రహ్మంగారి చరిత్ర" ఆడే రోజు మన మొహల్లా ఇంట్లో ఉండేది కాదు. కారణం సిద్దయ్య. ముడుమాలలో దూదేకుల ఇంట్లో పుట్టిన పిల్లవాడు బ్రహ్మంగారి శిష్యుడు కావడం, తల్లిదండ్రులు నవాబుతో మొరపెట్టుకోవడం, సిద్దవటంలో విచారణ, సిద్దయ్య సలాము చేస్తే బండ పగలడం, ఇవన్నీ మన జిల్లాలో ఊరూరా చెప్పుకునే కథలే. తెర మీద సిద్దవటం దర్బారు కనబడేసరికి జనం సర్దుకుని కూర్చునేవారు. మన ఊళ్ళ పేర్లు, మన ఇంటి పేర్లు వేదిక మీద వినబడితే ఎవరికి సంతోషం ఉండదు? చివర గురువుగారు సమాధిలోకి పోయే ముందు సిద్దయ్యను పూల కోసం బనగానపల్లెకు పంపుతారు. అతడు పూలు తీసుకుని వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఆ ఘట్టంలో ఆడవాళ్ళ వైపునుంచి ఏడుపు వినబడేదని, ఎవరి ఏడుపు ఏ ఇంటిదో చీకటిలో తెలిసేది కాదని అబ్బా అంటుండేవారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంతటి డేరా ఎందుకు ఖాళీ అయింది? ఎవరినడిగినా "సినిమా వచ్చింది, నాటకం పోయింది" అంటారు. లెక్క చూస్తే ఆ మాట నిలవదు. మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చింది. అందులో లీలావతి వేషం కట్టిన కమలాబాయి సురభి బిడ్డే. అంటే సినిమా ముందుగా వచ్చి తలుపు తట్టింది సురభి ఇంటినే. "పాతాళభైరవి" సినిమా 1951లో, "మాయాబజార్" 1957లో వచ్చి ఊళ్ళు ఊపినవి. అయినా అదే మాయాబజార్‌ను డేరాలో చూసేందుకు జనం పోతూనే ఉండినారు. సురభిలోని శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి పుట్టిందే 1937లో, అంటే టాకీలు వచ్చిన తరువాత. సినిమా దెబ్బ కొట్టలేదని అనము. మంచి గొంతులను, మంచి ముఖాలను లాగేసుకున్నది. కాని సినిమా చూసేందుకు కూడా మనిషి ఇల్లు వదిలి, టిక్కెట్టు కొని, నలుగురి నడుమ కూర్చోవలసిందే. ఇల్లు కదిలే అలవాటు ఉన్నన్నాళ్ళు డేరాకు దాని వంతు జనం దొరికినారు.

ఆ అలవాటు పోయింది మన కండ్లముందే. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలనుంచి మనవాళ్ళు కువైట్ బాట పట్టిన సంగతి అందరికీ తెలిసిందే. అన్నం పెట్టిన బాట అది, దాన్ని తప్పు పట్టము. అయితే ఆ బాటలోనే 1980లలో కలర్ టీవీలు, వీసీఆర్ పెట్టెలు వచ్చినవి. మొదట వీధికి ఒక పెట్టె. అందరూ ఆ ఇంటి వసారాలోకి చేరేవారు. 1987, 1988లలో దూరదర్శన్‌లో రామాయణం సీరియలు వచ్చినప్పుడు మన పిల్లలు కూడా పక్కిళ్ళలో కూర్చుని చూసినారు. మేమూ చూసినాము. తరువాత ఇంటికొక పెట్టె అయింది, వసారాలు ఖాళీ అయినవి. ఇప్పుడు మనిషికొక ఫోను. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు మూలల్లో నాలుగు తమాషాలు చూస్తున్నారు.

ఇంకొక కారణం ఉన్నది. మగవాళ్ళు కువైట్‌లో ఉంటే రాత్రి పదింటికి ఆడవాళ్ళను, పిల్లలను మైదానానికి ఎవరు తీసుకుపోవలె? 1990 ఆగస్టులో కువైట్ మీద యుద్ధం వచ్చి మనవాళ్ళు ఉత్త చేతులతో తిరిగివచ్చినప్పుడు నాటకాల మాట ఎత్తే స్థితి లేదు. 1992 డిసెంబరు తరువాత కొన్నాళ్ళు, రాత్రిపూట గుంపులో కూర్చోవడానికి అటు వాళ్ళకూ ఇటు మనకూ జంకు ఉండింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రావద్దనలేదు. జంకు పోయేనాటికి డేరా రావడం మానేసింది. మేము చిన్నతనంలో చూసిన డేరా ఆ చివరి రోజులది. ముందు నేల సగం నిండి, వెనుక కుర్చీలు వరుసలకు వరుసలు ఖాళీగా ఉండినవి. ఆటగాళ్ళు మాత్రం నిండు డేరాకు ఆడినట్టే ఆడినారు.

డేరాలు పోయినంక నాటకం సిమెంటు కట్టడాల్లోకి వచ్చింది. అక్కడ ఇంకొక చిక్కు వచ్చి పడింది. అది ఉచిత ప్రవేశం. ఏదో శాఖవారు, ఏదో ఉత్సవం, పాసులు ఊరికే పంచుతారు. ముందు వరుసల్లో పెద్దలు కూర్చుంటారు. దీపం వెలిగించి, శాలువాలు కప్పి, ఫోటోలు తీసుకుని, తెర లేచేసరికి లేచిపోతారు. నాలుగు డబ్బులు పెట్టి నేల టిక్కెట్టు కొన్నవాడు తెల్లవారేదాకా కూర్చునేవాడు. పద్యం బాగుంటే "వన్స్ మోర్" అనేవాడు, బాగాలేకపోతే ఈల వేసేవాడు. అతని డబ్బు అందులో ఉన్నది గనుక అతనికి ఆ హక్కు ఉండినది. ఊరికే వచ్చినవాడికి కోపమూ లేదు, ప్రేమా లేదు. ప్రభుత్వం కళాకారులకు సాయం చేయవద్దని మేము అనడం లేదు. చేయవలసిందే. కాని గ్రాంటు కడుపు నింపుతుందేగాని కుర్చీ నింపదు.

సురభివారు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొన్ని కుటుంబాలు హైదరాబాదు శేరిలింగంపల్లిలో కాలనీ కట్టుకుని స్థిరపడినవి. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో కొన్నేండ్లు ప్రదర్శనలు ఇచ్చినారు. 1990లలో బి.వి. కారంత్‌గారి వంటి పెద్ద దర్శకుల దగ్గర కొత్త పద్ధతులు నేర్చుకుని "భీష్మ", "చండీప్రియ", "బస్తీ దేవత యాదమ్మ" ఆడినారు. 2013లో ఫ్రాన్సు దేశం మెట్జ్ నగరంలో ప్రదర్శించినారు. తెలుగు అక్షరం రాని జనం టిక్కెట్టు కొని చూసినారు. ఆ ఏడే సమాజం పెద్ద రేకందార్ నాగేశ్వరరావుగారికి, అందరూ పిలిచే బాబ్జీగారికి, పద్మశ్రీ వచ్చింది. 2020లో కరోనా వచ్చి వేదికలన్నీ మూసివేసినప్పుడు వేషమే బువ్వ అయినవారు పడిన ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. బాబ్జీగారు 2022లో కన్నుమూసినారు. పదులకొద్దీ ఉండిన సమాజాలు నేడు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలినవి.

ఆ మధ్య మేము మా బడి పిల్లలను పాతికమందిని తీసుకుని ఒక ఆడిటోరియంలో పద్యనాటకానికి పోయినాము. పాసు అడగలేదు, టిక్కెట్టు కొన్నాము. కొందరు తల్లులు తలా కొంచెం ఇచ్చినారు, మిగిలింది మేము వేసుకున్నాము. హాలులో మూడో వంతు కూడా జనం లేరు. పిల్లలకు పద్యం సగం అర్థం కాలేదు. అయినా కదలలేదు. ఆట అయినంక ఒక పిల్లవాడు, "జనాబ్, ఆ రాజు నన్ను చూసినాడు" అన్నాడు. ఏమిట్రా అంటే, "నేను చప్పట్లు కొడితే నా వైపు చూసి తల ఊపినాడు" అన్నాడు. మరునాడు బడిలో హాజరు పిలిచే ముందు అందరికీ అదే చెప్పినాడు. వాడు పుట్టింది మొదలు ఎన్ని బొమ్మలు చూసి ఉంటాడో! ఒక్క బొమ్మయినా వాణ్ణి తిరిగి చూడలేదు.

డేరాలో పోగొట్టుకున్నది ఇదే. అక్కడ ఆటగాడు మనలను చూసేవాడు, పక్కన కూర్చున్నవాడూ చూసేవాడు. సిద్దయ్య కోసం ఎవరు ఏడ్చినారో పక్కింటి అత్తకు తెలిసేది. ఇప్పుడు ఆ ఇంటివాళ్ళకు మన గూర్చి తెలిసేది టీవీలో చెప్పిన మేరకే. మనకు వాళ్ళ గూర్చి తెలిసేదీ అంతే. ఉర్దూ బడిలో చదివిన మాకు తెలుగు పద్యం నోటికి వచ్చిందంటే, అది ఆ మైదానంలో పక్కవాళ్ళతోపాటు వినడం వల్లనే.

సంఘం పెద్దలకు మా మనవి చిన్నది. కొత్త కట్టడం కట్టమని అడగము. ఏడాదికి ఒక్క రోజు, జిల్లాలో ఎక్కడ సురభివారి నాటకం గాని, మరే మంచి నాటకం గాని ఆడినా, మన మొహల్లానుంచి యాభై టిక్కెట్లు కొనండి. పాసులు పుచ్చుకోవద్దు. సగం టిక్కెట్లు మన పిల్లలకు, సగం పక్క వీధి పిల్లలకు ఇవ్వండి. ఆడవాళ్ళు పోయి రావడానికి ఒక బస్సు మాట్లాడండి. సన్మానం వద్దు, శాలువా వద్దు. చివరిదాకా కూర్చుని వస్తే చాలును. ఆ మొదటి ఏడు పిల్లల హాజరు తీసుకునే పని మేము ఒప్పుకుంటాము.

సిద్దయ్యను గురువే పంపినాడు గనుక ఆలస్యం అతని తప్పు కాదు. మనలను ఎవరూ ఎక్కడికీ పంపలేదు. అంతా అయిపోయినంక పూలు పట్టుకుని పోయే పని మాత్రం మనకు రాకూడదు.